హెడ్డింగులో పేరు రాయండి: క్రీడా డెస్కులకు ఒక బహిరంగ లేఖ

పత్రికల్లో, టీవీల్లో, వెబ్‌సైట్లలో క్రీడా విభాగాలను నడిపిస్తున్న సంపాదకులకు,

నమస్కారం. మొన్న సాయంత్రం నా ఫోన్‌కు ఒక నోటిఫికేషన్ వచ్చింది. ‘బిగ్ షాక్.. జట్టు నుంచి స్టార్ ఓపెనర్ ఔట్! అసలేం జరిగిందంటే?’ పంపింది ఊరూ పేరూ లేని యూట్యూబ్ చానల్ కాదు, ఏళ్ల తరబడి నేను నమ్మి చదువుతున్న పెద్ద సంస్థ. పేరు చెప్పడం లేదు. ఆ పేరు తీసేసి మీలో ఎవరి పేరు పెట్టినా ఈ కథ ఏమీ మారదు.

ఆ సమయానికి ఫోన్ మా అబ్బాయి చేతిలో ఉంది. వాడికి పన్నెండేళ్లు. ఆ ఓపెనర్ అంటే ప్రాణం. ‘నాన్నా, తీసేశారా?’ అని గబగబా వార్త తెరిచాడు. నేనూ పక్కనుంచి చూస్తున్నాను. మొదటి పేరాలో హెడ్డింగునే కాస్త సాగదీసి మళ్లీ చెప్పారు. రెండో పేరాలో సిరీస్ ఎప్పుడు మొదలైందో ఉంది. తర్వాత ఒక ప్రకటన. ‘కాగా’తో మొదలైన మూడో పేరాలో అతని కెరీర్ పరుగులు, ‘ఇదిలా ఉండగా’తో మొదలైన నాలుగో పేరాలో అభిమానుల ట్వీట్లు. మధ్యలో ఒక వీడియో తనంతట తానే మోగడం మొదలుపెట్టింది. దాన్ని మూసే ఇంటు గుర్తు ఎంత చిన్నదంటే, మా వాడి వేలికే దొరకలేదు, ఇక నా వేలికేం దొరుకుతుంది. అసలు సంగతి ఏడో పేరా చివర్లో ఉంది: వరసగా మ్యాచ్‌లు ఆడుతున్నాడు కాబట్టి రేపటి ఒక్క మ్యాచ్‌కు విశ్రాంతి ఇచ్చారు, ఆపై మ్యాచ్‌కు వచ్చేస్తాడు.

‘మరి ఔట్ అన్నారేంటి? అబద్ధమా?’ అన్నాడు వాడు.

కాదు అనబోయి ఆగిపోయాను. ఒక్కో పదాన్నీ విడదీసి చూస్తే అందులో అబద్ధం లేదు. రేపటి జట్టులో అతను లేడు, నిజమే. అతను స్టార్ ఓపెనరే. కానీ ఆ పదాలన్నీ కలిసి వాడి బుర్రలో పెట్టిన సంగతి మాత్రం పచ్చి అబద్ధం. దీన్ని ఏమనాలో నాకు తెలియలేదు. మీకు తెలిసే ఉంటుంది, ఎందుకంటే ఆ పదాలను అలా పేర్చడం మీ డెస్కులో ఎవరో ఒకరికి ఉద్యోగం.

క్లిక్‌బైట్ మీద జనం పెట్టే తిట్లు మీకు కొత్త కాదు. ఇంకో తిట్టు కలపడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మీరు లెక్కపెడుతున్నది ఒకటి, పోగొట్టుకుంటున్నది ఇంకొకటి అని చెప్పడానికి రాస్తున్నాను. మా వాడు ఆ వార్త తెరిచినందుకు మీ లెక్కలో ఒక క్లిక్ పడింది. అది వాడి నమ్మకమా, వాడి టెన్షనా? మీ డెస్కు గోడ మీద ఉండే స్క్రీన్, ఏ వార్తను ఈ క్షణాన ఎంతమంది చదువుతున్నారో చెబుతుంది. చదివాక మొహం ఎలా పెట్టారో చెప్పదు.

పేపర్ చేతికి రాగానే తిరగేసి వెనక పేజీ నుంచి చదివే తరం నాది. అప్పటి హెడ్డింగు అన్నీ చెప్పేసేది. ఎవరు గెలిచారు, ఎంత తేడాతో, ఎవరు శతకం కొట్టారు. లోపల వార్త చదవకపోయినా మ్యాచ్ సంగతి తెలిసిపోయేది. అప్పటి సబ్ ఎడిటర్లు మహానుభావులని కాదు, లెక్క వేరు. పేపర్ కొనేశాక పాఠకుడి దగ్గర దాచి లాభం లేదు. ఫోన్‌లో అలా కాదు, ఒక్కో వార్తా విడిగా అమ్ముడుపోవాలి. దాంతో సంగతి చెప్పాల్సిన హెడ్డింగు సంగతి దాచేది అయిపోయింది. ఇంత దూరం నాకు అర్థమవుతుంది. మీ సబ్ ఎడిటర్ల నెత్తిన రోజుకిన్ని పేజీ వ్యూలు తేవాలనే టార్గెట్ ఉంటుందనీ తెలుసు.

ఈ దాచే పనికి మన తెలుగులో ఒక సౌకర్యం కూడా ఉంది. ‘అంటే’ అనే చిన్న మాట. ‘కెప్టెన్ ఏమన్నాడంటే?’ ‘కోచ్ ఎందుకు అలిగాడంటే?’ కథ చెప్పేవాడు సరిగ్గా మంచి ఘట్టంలో ఆగి, తాపీగా గ్లాసుడు నీళ్లు తాగినట్టు ఉంటుంది. దానికి ముందు రెండు చుక్కలు, వెనక ఒక ప్రశ్నార్థకం. ఇది ఎందుకు పనిచేస్తుందో 1994లోనే జార్జ్ లోవెన్‌స్టైన్ అనే ఆర్థిక శాస్త్రవేత్త కుతూహలం మీద రాసిన వ్యాసంలో వివరించాడు. తెలిసినదానికీ తెలుసుకోవాలనుకునేదానికీ మధ్య ఖాళీ కనబడితే మనిషి దాన్ని పూడ్చుకునేదాకా ఊరుకోలేడట. కానీ ఆట అంటేనే అలాంటి ఖాళీ కదా. చివరి ఓవర్లో ఏమవుతుందో తెలియకపోవడమే కదా మేం టీవీ ముందు కూర్చునేది. అసలు సస్పెన్స్ మైదానంలో ఉండగా, అయిపోయిన మ్యాచ్ ఫలితాన్ని దాచిపెట్టి మీరు కొత్త సస్పెన్స్ తయారు చేయడం ఏమిటి?

‘హెడ్డింగు ఎలా ఉన్నా లోపల నిజమే రాస్తున్నాం కదా’ అని మీలో కొందరు అంటారు. ఈ వాదన నిలబడదు. ఉల్రిచ్ ఎకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరికొందరు కలిసి 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, పక్కదారి పట్టించే హెడ్డింగు చదివినవాళ్లకు లోపలి వార్త సరిగ్గా ఉన్నా జ్ఞాపకంలోనూ, దాన్నుంచి తీసే నిర్ధారణలోనూ హెడ్డింగు ముద్ర నిలిచిపోతుందని తేలింది. అదీ వార్త మొత్తం చదివినవాళ్ల సంగతి. 2016లో కొలంబియా విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్‌కు చెందిన ఇన్రియా సంస్థ పరిశోధకులు ట్విటర్‌లో తిరిగే వార్తల లింకులను పరిశీలిస్తే, షేర్ అయిన లింకుల్లో 59 శాతాన్ని అక్కడి నుంచి ఎవరూ క్లిక్ చేయనే లేదు. అంటే చాలామందికి మీ హెడ్డింగే వార్త. ఏడో పేరా దాకా వాళ్లు రానే రారు.

నీరజ్ చోప్రా విషయంలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 2021 ఆగస్టు 7న టోక్యోలో 87.58 మీటర్లు విసిరి బంగారు పతకం గెలిచాడు. కొన్నాళ్లకు ఒక ఇంటర్వ్యూలో ఫైనల్ గురించి చెబుతూ, మొదటి త్రోకు ముందు తన జావెలిన్ కనబడలేదని, చూస్తే పాకిస్తాన్ అథ్లెట్ అర్షద్ నదీమ్ దాన్ని పట్టుకుని తిరుగుతున్నాడని, భాయ్ అది నాది, ఇవ్వు అని అడిగితే ఇచ్చేశాడని, అందుకే ఆ త్రో కాస్త హడావుడిగా వేశానని అన్నాడు. ఆ హడావుడి త్రో కూడా 87.03 మీటర్లు. నవ్వుకుని వదిలేయాల్సిన సంగతి. అది హెడ్డింగుల్లోకి ఎక్కేసరికి నదీమ్ చేతిలో నీరజ్ జావెలిన్ ఏం చేస్తోంది అనే ప్రశ్న అయింది, ఆ ప్రశ్న సోషల్ మీడియాకు చేరేసరికి కుట్ర అయింది. పోటీకి అప్పగించిన జావెలిన్‌ను మిగతా అథ్లెట్లు కూడా వాడుకోవచ్చనే నిబంధన ఒకటుంది. ఆ ఒక్క వాక్యం హెడ్డింగు పక్కన ఉంటే గొడవే లేదు. కానీ ఉంటే క్లిక్కూ లేదు. చివరికి ఆగస్టు 26న నీరజే వీడియో పెట్టి, దయచేసి నా మాటలను మీ ప్రచారాలకు వాడుకోకండి అని బతిమాలాల్సి వచ్చింది. పతకం గెలిచి మూడు వారాలు కాకముందే, ఇరవై మూడేళ్ల కుర్రాడు పెద్దవాళ్లకు ఆ మాట చెప్పాల్సి వచ్చింది.

మూడేళ్ల తర్వాత, 2024 ఆగస్టు 8న పారిస్‌లో నదీమ్ 92.97 మీటర్లతో ఒలింపిక్ రికార్డు కొట్టి బంగారం గెలిచాడు, నీరజ్‌ 89.45తో రజతం. ఆ రాత్రి నీరజ్ తల్లి సరోజ్ దేవి, బంగారం గెలిచినవాడూ మా అబ్బాయే అంది. ఆ మాటను ఉన్నదున్నట్టు హెడ్డింగు చేసినవాళ్లున్నారు. చుక్కల్లేవు, షాకుల్లేవు. అయినా సరిహద్దుకు రెండువైపులా జనం చదివారు, పంచుకున్నారు. మసాలా లేకపోతే ఎవరూ చదవరనే మాట మీరు అన్నప్పుడల్లా నాకు ఆ తల్లి గుర్తొస్తుంది.

2018 జులై 17న లీడ్స్‌లో ఇంగ్లండ్‌తో మూడో వన్డే ఓడిపోయాక ధోనీ అంపైర్ల దగ్గర బంతి తీసుకోవడం కెమెరాకు చిక్కింది. అంతే, జ్ఞాపకంగా దాచుకోవడానికే తీసుకున్నాడనుకుని, ‘ధోనీ రిటైర్ అవుతున్నాడా?’ అన్నారు. బంతి ఎంత అరిగిందో బౌలింగ్ కోచ్‌కు చూపించడానికి తీసుకున్నాడని అప్పటి కోచ్ రవిశాస్త్రి వివరణ ఇచ్చేదాకా ఆ ప్రశ్న తిరుగుతూనే ఉంది. ప్రశ్నార్థకంతో ముగిసే ఏ హెడ్డింగుకైనా ‘కాదు’ అని జవాబు చెప్పేయవచ్చని 2009లో ఇయాన్ బెటరిడ్జ్ అనే బ్రిటిష్ పాత్రికేయుడు రాశాడు. ధోనీ ఆ తర్వాత 2019 ప్రపంచకప్ కూడా ఆడాడు. 2020 ఆగస్టు 15న నిజంగానే రిటైరయ్యాడు. ఆ కబురు ఎక్కడ చెప్పాడు? మీకు చెప్పలేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో రెండు ముక్కలు రాసి ఊరుకున్నాడు. 2025 మేలో రోహిత్ శర్మ, విరాట్ కోహ్లీ టెస్టులకు వీడ్కోలు పలికిందీ అక్కడే. ఏళ్ల తరబడి వాళ్ల రిటైర్మెంట్ గురించి రోజుకో హెడ్డింగు పెట్టినవాళ్లకు, అసలు కబురు మాతోపాటే, మా ఫోన్లలాంటి ఫోన్లలోనే తెలిసింది.

ఆటగాళ్లు మీతో ఎందుకు మాట్లాడటం లేదో మీరు ఆలోచించాలి. ఇరవై నిమిషాల ప్రెస్ మీట్‌లో ఒక సగం వాక్యం పట్టుకుని ‘సంచలన వ్యాఖ్యలు’ అంటారు. తర్వాతి ప్రెస్ మీట్‌లో ఆ మనిషి ఏం మాట్లాడతాడు? ‘జట్టు కోసం వంద శాతం ఇస్తాం’, ‘ప్రాసెస్ మీదే మా దృష్టి’, ‘ఒక్కో మ్యాచ్ చూసుకుంటూ వెళ్తాం’. అవి మాటలు కావు, కవచం. అదే మనిషి తన సొంత చానల్లో గంటసేపు బంతి పట్టు గురించి, భయాల గురించి హాయిగా మాట్లాడతాడు. అశ్విన్ యూట్యూబ్ చానల్ చూస్తే ఒక ఆఫ్ స్పిన్నర్ బుర్ర ఎలా పనిచేస్తుందో మాకు అర్థమైంది. ఆటగాళ్లు తమ కథ తామే చెప్పుకోవాలని బేస్‌బాల్ ఆటగాడు డెరెక్ జీటర్ 2014లో ఏకంగా ఒక వేదికే పెట్టాడు. అయితే ఆటగాడు తన గురించి తాను చెప్పేది మాత్రమే వార్త అయితే మాకు నష్టమే. డోపింగ్ గురించి, ఫిక్సింగ్ గురించి, బోర్డుల్లో జరిగే పంపకాల గురించి ఏ ఆటగాడూ సొంత చానల్లో చెప్పడు. అది చెప్పాల్సింది మీరు. చెప్పిన రోజున మేం నమ్మాలి కదా. అందుకే ఇంత బాధ.

ఇప్పటికే నమ్మలేకపోతున్నాం. 2023 ఆగస్టు 23న జింబాబ్వే మాజీ కెప్టెన్ హీత్ స్ట్రీక్ చనిపోయాడని ప్రపంచమంతా వార్త వచ్చింది. పాత సహచరుడు హెన్రీ ఒలాంగా ఒక ట్వీట్ పెట్టాడు, దాని మీద వరసగా సంస్థలన్నీ నివాళులు రాసేశాయి. కాసేపటికే ఒలాంగా మళ్లీ ట్వీట్ చేశాడు, థర్డ్ అంపైర్ వెనక్కి పిలిచాడు అని. స్ట్రీక్ బతికే ఉన్నాడు. క్యాన్సర్‌తో పోరాడుతూ, తన మరణవార్త తానే చదువుకుని, ఇది తనను గాయపరిచిందని చెప్పుకున్నాడు. ఒక్క ఫోన్ చేసి కనుక్కుంటే తేలిపోయే సంగతి. ఒలాంగా స్నేహితుడు, బాధలో తొందరపడ్డాడు. మరి మీకేమైంది? పదకొండు రోజులకు, సెప్టెంబర్ 3న స్ట్రీక్ నిజంగానే వెళ్లిపోయాడు. ఆ ఉదయం వార్త చూసి నేను చేసిన మొదటి పని నివాళి రాయడం కాదు, ఇది నిజమేనా అని పది చోట్ల వెతకడం. నాకు ఇష్టమైన బౌలర్ పోయాడని తెలిసిన క్షణంలో నేను దుఃఖపడలేదు, అనుమానపడ్డాను. ‘నాన్నా పులి’ కథలో మోసపోయింది ఊరివాళ్లే అయినా, చివర్లో పులి నిజంగానే వస్తుంది. ఆ భాగం మనం పిల్లలకు త్వరగా చెప్పేసి నిద్రపుచ్చేస్తాం.

దీనికంటే దారుణాలూ ఉన్నాయి. 2023 ఏప్రిల్‌లో ఒక జర్మన్ వారపత్రిక ఫార్ములా వన్ రేసర్ మైఖేల్ షూమాకర్ ‘తొలి ఇంటర్వ్యూ’ అని ముఖచిత్రం వేసింది. 2013 డిసెంబర్‌లో స్కీయింగ్ ప్రమాదం తర్వాత ఆయన బయటి ప్రపంచానికి కనబడలేదు. తెరిచి చూస్తే జవాబులన్నీ ఏఐతో రాయించినవి. సంపాదకురాలి ఉద్యోగం పోయింది, కుటుంబానికి 2 లక్షల యూరోల పరిహారం దక్కింది. అది క్రీడా పత్రిక కాదని మీరు అనొచ్చు. సరే.

క్లిక్కులు లేని కాలానికి వెళ్దాం. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఫుట్‌బాల్ జట్ల సెమీఫైనల్. తొక్కిసలాటలో నలిగి చనిపోయిన లివర్‌పూల్ అభిమానుల సంఖ్య చివరికి 97కు చేరింది. నాలుగు రోజుల తర్వాత ‘ది సన్’ అనే బ్రిటిష్ పత్రిక మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ‘నిజం’ అనే హెడ్డింగు పెట్టి, అభిమానులే శవాల జేబులు కొట్టారని, పోలీసుల మీద దాడి చేశారని రాసింది. అందులో నిజం లేదు. ఆ పత్రిక 2012లో మొదటి పేజీలో క్షమాపణ చెప్పింది. 2016లో జ్యూరీ ఆ మరణాలకు అభిమానుల తప్పేమీ లేదని తేల్చింది. 2017లో లివర్‌పూల్ క్లబ్ ఆ పత్రిక విలేకరులను తన మైదానంలోకి రానివ్వడం మానేసింది. ఆ ప్రాంతంలో ఈనాటికీ ఆ పత్రిక అమ్మని దుకాణాలున్నాయి. అప్పుడు పుట్టనే లేని పిల్లలు కూడా దాన్ని కొనరు. ఆ హెడ్డింగు ఒక్క రోజుది. ఓపెనర్‌కు విశ్రాంతి వార్తను దీంతో పోల్చడం లేదు, పోల్చితే ఆ కుటుంబాలను అవమానించినట్టే. నమ్మకం పోతే తిరిగి రావడానికి ఎంత కాలం పడుతుందో చెప్పడానికి మాత్రమే ఈ సంగతి ఎత్తాను.

మా తప్పు లేదా? ఉంది. ఒక్కో కథనానికి పలు హెడ్డింగులు పెట్టి జనం మీద పరీక్షించిన ‘అప్‌వర్తీ’ అనే సైట్ లక్షకు పైగా హెడ్డింగులను పరిశోధకులు విశ్లేషించి 2023లో వివరాలు ప్రచురించారు. సగటు నిడివి హెడ్డింగులో ఒక్కో చెడ్డ మాట చేరినకొద్దీ క్లిక్ రేటు 2.3 శాతం పెరిగిందట. చెడు వార్తకు మా వేలు ముందుకెళ్తుంది, ఒప్పుకుంటాను. ఆటగాళ్లూ తక్కువేం తినలేదు. 2020 నవంబర్ 2న మన పి.వి. సింధు ‘ఐ రిటైర్’ అని పెద్దక్షరాలతో పోస్టు పెట్టి, లోపల చదివితే కరోనా భయానికి, నిరాశకు వీడ్కోలు అని రాసింది. ఆ రోజు గుండె ఆగినంత పనైంది. సింధు మీద నాకున్న అభిమానానికి ఢోకా లేదు గానీ, ఆ పోస్టు నాకు నచ్చలేదు. అయితే ఆవిడ ఆటగత్తె. ఆవిడ పని షటిల్ కొట్టడం. ఆ పోస్టును మొత్తం చదివి ‘సింధు రిటైర్ కావడం లేదు’ అని మొదటి వాక్యంలో చెప్పడం మీ పని. ఆ రోజు అలా చెప్పినవాళ్లూ ఉన్నారు, ఆ రెండు పదాలు మాత్రం వేసి వదిలేసినవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతాను. హెడ్డింగులో పేరు రాయండి. ‘స్టార్ ఓపెనర్’ కాదు, అతని పేరు. ‘ఔట్’ కాదు, ‘రేపటి మ్యాచ్‌కు విశ్రాంతి’. పేరు రాస్తే వార్త చిన్నదైపోయిందని అనిపిస్తే, అది చిన్న వార్తే. ఒక మాజీ ఆటగాడు టీవీ చర్చలో అన్న మాటను ‘వేటు తప్పదు’ అని సెలెక్టర్ల నిర్ణయంలా వేయకండి, ఎవరన్నారో ముందు పెట్టండి. మరణం, గాయం, రిటైర్మెంట్ ఈ మూడింటికి ట్వీట్ చాలదు, ఇంకొకరిని అడగండి, ఐదు నిమిషాలు ఆలస్యమైతే మేమేమీ పారిపోం. తప్పు వార్తను నోటిఫికేషన్‌గా పంపితే దిద్దుబాటును కూడా నోటిఫికేషన్‌గానే పంపండి. ఇప్పుడు జరిగేదేమిటంటే, తప్పు మా జేబులో మోగుతుంది, దిద్దుబాటు మీ సైట్లో ఏ మూలో నిద్రపోతుంది. హెడ్డింగు కింది వార్తకు తగ్గట్టు ఉండాలని భారత ప్రెస్ కౌన్సిల్ పాత్రికేయ ప్రవర్తనా నియమాల్లో ఎప్పటి నుంచో ఉంది. నేను కొత్తగా అడుగుతున్నదేమీ లేదు.

ఇంకొకటి, ఇది విలేకరుల తరఫున. ఎండలో మైదానం చుట్టూ తిరిగి, కోచ్‌తో మాట్లాడి, జాగ్రత్తగా వార్త రాసే విలేకరి పేరు బైలైన్‌లో ఉంటుంది. హెడ్డింగు పెట్టేది వేరొకరు, వాళ్ల పేరు ఎక్కడా ఉండదు. కామెంట్లలో బూతులు మాత్రం విలేకరికి పడతాయి. వార్త పోస్టు చేసేముందు హెడ్డింగును ఒకసారి ఆ విలేకరికి చూపించండి. తన పేరు మీద ఆ మాట వెళ్లడం ఇష్టమేనా అని అడగండి. చాలా హెడ్డింగులు అక్కడే ఆగిపోతాయని నా అనుమానం.

ఆ సాయంత్రం మా వాడు ఫోన్ నాకిచ్చేసి, ఆ ఓపెనర్ సొంత పేజీ తెరిచి చూపించాడు. అందులో నెట్స్‌లో ఆడుతున్న చిన్న వీడియో ఉంది, కింద ‘గురువారం కలుద్దాం’ అని రాసి ఉంది. ‘ముందే ఇక్కడ చూస్తే సరిపోయేది కదా నాన్నా’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మీ యాప్ నోటిఫికేషన్లు ఆ రాత్రే ఆపేశాను. యాప్‌ను మాత్రం ఇంకా తీసేయలేదు.

ఇట్లు,
పేపర్‌ను ఇప్పటికీ వెనక పేజీ నుంచి చదివే ఒక పాఠకుడు